మంట కన్నా ముందు ఆకురాయి

విజయవాడ రోడ్డు పట్టుకుని ఎల్బీనగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ వైపు వస్తుంటే వనస్థలిపురం దాటాక ఆటోనగర్ తగులుతుంది. లారీ బాడీలు కట్టేవారు, చాసీలు అతికేవారు, గేట్లూ గ్రిల్స్ చేసేవారు ఈ పక్కన కొత్త కాదు. అందుకే ఇక్కడి కుర్రవాడికి ఉక్కు పైపులతో మౌంటెన్ సైకిల్ ఫ్రేమ్ సొంతంగా చేసుకోవాలన్న ఆశ పుడితే, ముందుగా వెల్డింగ్ నేర్చుకోవాలనుకుంటాడు. అది చివర మొదలుపెట్టడమని నా అభిప్రాయం. ఫ్రేమ్ బాగోగులు చాలామటుకు మంట ముట్టక ముందే తేలిపోతాయి. కొలవడం, కోయడం, రాకడం, కూర్చడం ఇంట్లో చేయదగిన పనులు, ఇంట్లోనే బాగా కుదిరే పనులు కూడా. మంట పని చేయి తిరిగినవారిది.

ఉక్కు స్వభావం చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. అల్యూమినియంతో పోలిస్తే ఉక్కు బరువు దాదాపు మూడింతలు, బిగువు కూడా దాదాపు మూడింతలే. కాబట్టి తేలికైన ఫ్రేమ్ కావాలంటే పైపు గోడను బాగా పలచన చేయాలి. క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు పైపుల్లో గోడ మందం చాలావరకు 1 మిల్లీమీటరు లోపే ఉంటుంది. అతుకు పడే కొసల్లో కాస్త మందంగా, నడుమ ఇంకా పలచగా పైపులు తీసే పద్ధతికి ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ 1897లోనే పేటెంట్ పొందాడు. ఇంత పలచని పైపు మీద కొలత తప్పును లోహం పోసి కప్పిపుచ్చడం కుదరదు. లారీ చాసీలో వేలెడు సందును వెల్డింగ్ కడ్డీతో పూడ్చవచ్చునేమో గానీ, ఇక్కడ అలా చేయబోతే పైపుకు బొక్క పడుతుంది.

గుండ్రని పైపు మీద మరో పైపు వాలుగా కూర్చోవాలంటే దాని కొసను నెలవంకలా తొలవాలి. హ్యాక్సాతో ముతకగా కోసి, అరగుండ్రని ఆకురాయితో రాకుతూ, పెట్టి చూస్తూ, మళ్లీ రాకుతూ పోవాలి. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. సందు ఎటు ఎక్కువగా ఉంటే పైపును అటు లాగుతుంది. కొసలు సరిగ్గా అంటుకోని ఫ్రేమ్‌ను ఎంత గొప్ప వెల్డర్ చేతికిచ్చినా అది వంకర తిరుగుతుంది. ఆ వంకర చిన్నదని వదిలేయడానికీ లేదు. 29 అంగుళాల చక్రం రిమ్ వ్యాసార్థం సుమారు 311 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు వెడల్పు 148 మిల్లీమీటర్లు అనుకుంటే, ఇరుసు కూర్చునే డ్రాపౌట్లలో ఒకటి రెండోదాని కన్నా 1 మిల్లీమీటరు ఎత్తుగా ఉన్నా చాలు, రిమ్ అంచు 2 మిల్లీమీటర్లకు పైగా పక్కకు ఒరుగుతుంది. ముందు ఫోర్క్ పట్టే పైపు వాలు ఒక డిగ్రీ మారితే దిగుడులో హ్యాండిల్ తిరిగే తీరే మారిపోతుంది. ఈ లెక్కలకు కావలసింది ఓపిక. గంటకింత కూలి లెక్కగట్టే షెడ్డులో దొరకని తీరిక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో దొరుకుతుంది.

మరి మంట సంగతి? పలచని పైపులకు ఇత్తడి అతుకు మంచి దారి. ఇత్తడి కడ్డీ సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ఉక్కు కరగాలంటే 1,500 డిగ్రీల దాకా పోవాలి. పైపు కరగకుండానే ఇత్తడి పారి పట్టుకుంటుంది. కంసాలి నగ అతుక్కి వాడే వెలిగారమే ఇక్కడా మకిలి తీసి లోహానికి దారి ఇస్తుంది. కానీ ఆక్సిజన్, గ్యాస్ సిలిండర్లు కాలనీ ఇంటి మెట్ల కింద ఉంచదగిన సామాను కాదు. జింకు పూత ఉన్న జీఐ పైపును వేడి చేస్తే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది, దాని జోలికి పోనేకూడదు. ఎర్రగా ఉన్న అతుకు మీద తొందరపడి నీళ్లు పోస్తే క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు పెళుసెక్కుతుంది, గాలికే చల్లారనివ్వాలి. ఇన్ని జాగ్రత్తలు ఒంటబట్టినవారి చేతికి మంటను అప్పగించడం చిన్నతనం కాదు.

ఫ్యాక్టరీ సైకిల్ ఇంతకన్నా చవక, భద్రం కూడా కదా అని అడగవచ్చు. చవక అన్నమాట నిజం, దానితో వాదించను. భద్రత మాట ఇంకా బరువైనది. ఐఎస్‌ఓ 4210 ప్రమాణం ప్రకారం పెడల్ పరీక్షలో ఫ్రేమ్ 1,00,000 సార్లు ఒత్తిడికి తట్టుకోవాలి. ఇంట్లో అలాంటి యంత్రం ఉండదు. అయితే ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. అవే పైపు ముక్కలతో అదే అతుకు ముందు వేయించి, నిలువునా కోసి ఇత్తడి లోపలిదాకా పారిందో లేదో చూడాలి. మరో ముక్కను బిగించి వంచాలి. అతుకు ఊడితే అది పనికిరాదు. అతుకు నిలిచి పక్కన పైపు వంగితే నమ్మవచ్చు. ఈ పరీక్ష దాటకుండా ఫ్రేమ్ ఎక్కకూడదు. ఎక్కాక కూడా ముందు పైపు అతుకుల దగ్గర రంగులో వెంట్రుకవాసి చీలిక కనిపిస్తోందా అని చూస్తూనే ఉండాలి.

ఇది అనుభవం లేనివారి సాహసమని కొట్టిపారేసేవారు మౌంటెన్ సైకిల్ పుట్టుకను గుర్తుచేసుకోవాలి. 1977లో కాలిఫోర్నియాలో జో బ్రీజ్ కొండదారుల కోసమే క్రోమ్-మాలీ పైపులతో ఫ్రేమ్ చేశాడు. స్పెషలైజ్డ్ కంపెనీ పెద్ద ఎత్తున స్టంప్‌జంపర్ అమ్మకానికి తెచ్చింది 1981లో. చిన్న షాపులో ఒక మనిషి చేతిలో రూపం దిద్దుకున్నాకే ఈ సైకిల్ ఫ్యాక్టరీ మెట్లెక్కింది.

తొక్కే చోటేదంటారా? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ పడమటి వైపుకే పోయింది. తూర్పున మనకున్నవి మొరం బాటలు, నల్లరాతి గుట్టలు. ఇలాంటి నేల కోసమే ఈ సైకిల్ పుట్టింది. రాయికి తగిలి ఉక్కు ఫ్రేమ్ చీలినా, ఇత్తడి పోసి బాగుచేయగల చేతులు దగ్గరలోనే ఉన్నాయి. కార్బన్ ఫ్రేమ్‌ను ఇలా ఇత్తడితో అతకలేం. అందుకే ఆశ ఉన్నవారు సిలిండర్ కొనే ఆలోచన మాని, ఇనుప దుకాణంలో రెండడుగుల పైపు ముక్క, ఒక అరగుండ్రని ఆకురాయి తెచ్చుకోవాలి. ఒక కొసను తొలిచి ఇంకో పైపు మీద పెట్టి, కిటికీ వైపు ఎత్తి చూడాలి. రెంటి మధ్య వెలుతురు కనబడకుండా పోయిన రోజున, పెద్ద అంబర్‌పేట్ నుంచి ఆటోనగర్ ఎంతో దూరం లేదు.