నిలువనీయని నేర్పు

శరీరధర్మశాస్త్రమును బోధించిన కాలమంతటను నేను విద్యార్థులచే ముందుగా చేయించినది మణికట్టుపై మూడువేళ్లుంచి నాడి పట్టుట. నేటికిని బాగ్ లింగంపల్లిలోని సుందరయ్య పార్కున ఉదయవేళ కలిసెడి వృద్ధమిత్రులు "మాస్టారూ, ఒకమారు చూడండి" యని చేయి చాచుట కద్దు. అట్టి అలవాటుగల వేళ్లకు, ఎడమ జఠరికకు పంపు అమర్చిన రోగి మణికట్టున తఱచుగా ఏ స్పందనయు తగులదు. రక్తపోటు కొలుచుటకును డాప్లర్ పరికరపు చప్పుడే ఆధారమగును.

జఠరిక కొనయందు అమర్చిన ఆ పంపు అచ్చటి రక్తమును ఎడతెగక గ్రహించి, గొట్టము ద్వారా బృహద్ధమనిలోనికి చేర్చును. హార్ట్‌మేట్ 3 అను పంపులో చక్రము అయస్కాంతబలముచే దేనిని తాకక తేలుచు, నిమిషమునకు ఐదారువేల మార్లు తిరుగును. సహజహృదయమున పైగదినుండి దిగిన రక్తము సుడితిరిగి, వచ్చిన ఊపుతోడనే బృహద్ధమని కవాటమువైపు మరలును. పంపు వచ్చినపిమ్మట ఆ ప్రవాహము కొనవైపునకు మళ్లును. రక్తమంతయు పంపే తోడివేసినచో కవాటము తెఱచుకొనదు. దానిపై రక్తము నిలిచి గడ్డకట్టవచ్చును, ఱెక్కలు క్రమముగా అతుకుకొనవచ్చును, లేదా కవాటము కారనారంభించి, పంపిన రక్తమే వెనుకకు జఠరికలోనికి వచ్చి, మరల పంపులోనికి పోయి, దేహమునకు చేరక వృథాగా తిరుగవచ్చును. తూము ఎంత చక్కగా పాఱినను, చెరువు మూలల నిలిచిన నీటికి నాచు పట్టకమానదు గదా!

కావున వేగనిర్ణయము మిక్కిలి నేర్పుతో కూడిన పని. ఎకో తెరపై గుండెను చూచుచు పంపు వేగమును మెట్టుమెట్టుగా మార్చుదురు. వేగము మితిమీఱిన రెండు జఠరికల నడిమి గోడ ఎడమకు ఒరిగి కుడి జఠరిక తడబడును, చాలకున్న రక్తము ఊపిరితిత్తులవైపు ఎదురుతన్నును. ఆ గోడ నడుమనే నిలిచి, సాధ్యమైనచోట కవాటము అప్పుడప్పుడైనను తెఱచుకొనునట్టి వేగమునే ఎంచుదురు. హార్ట్‌మేట్ 3 ప్రతి రెండు సెకండ్లకును తన వేగమును తగ్గించి పెంచుకొనుటయు, రక్తము ఎచ్చటను నిలువయుండరాదనియే.

2025 జనవరి 17న ఎల్.బి.నగర్ నుండి లక్డీకాపూల్‌కు దాతహృదయమును మన మెట్రోరైలు 13 నిమిషములలో చేర్చినప్పుడు ఎందఱో హర్షించిరి. అట్టి హృదయము లభించువఱకు కొందఱి ప్రాణమును నిలుపునది ఈ పంపే. గుండె మార్పిడికి వీలులేని మఱికొందఱికి తుదివఱకు ఇదియే తోడు. అలసిన గుండెకు శక్తి ఉన్నంతమేరకు కొంత పనిని మిగిల్చెడి నిగ్రహమునే నేను ఈ చికిత్సలో పరమవిద్యగా భావింతును. ఆ విద్యను చేతికి నేర్పుటతోపాటు, రోగికిని వాని ఇంటివారికిని విడమరచి చెప్పుటయు మన వైద్యశిక్షణలో భాగము కావలెను.