పదును మీద తొక్కితేనే రోడ్డు

కరీంనగర్ దారిలో ఎక్కడ రోడ్డు పని కనబడినా కాసేపు ఆగుతాను. అందరి చూపూ మెరిసే డాంబర్ మీదే. నేను చూసేది అంతకుముందు మట్టి మీద తిరిగే రోలర్‌ను. రోడ్డు ఎన్నేళ్లు ఉంటుందో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మట్టిని తొక్కించడమంటే రేణువుల మధ్య గాలిని వెళ్లగొట్టడం. బరువొక్కటే చాలదు, తడి కావాలి. పొడిమట్టిలో రేణువులు బిగుసుకుని జరగవు. నీళ్లెక్కువైతే సందులన్నీ నీళ్లే నిండి, రోలర్ కింద నేల ఊగుతుంది తప్ప కుదురుకోదు. నడుమ ఉన్న పదును ఎంతో పరీక్ష పెట్టి తేల్చే పద్ధతిని కాలిఫోర్నియా ఇంజినీర్ ప్రాక్టర్ 1933లో ప్రచురించాడు. దుక్కి దున్నే రైతు పిడికిట్లో మట్టి నొక్కి చూసేదీ ఆ పదునే. హైవేల కింద పై అరమీటరు మట్టి, ల్యాబ్‌లో వచ్చిన గరిష్ఠ సాంద్రతలో కనీసం 97 శాతానికి చేరాలి. అందుకే పొరలు పొరలుగా పోసి తొక్కిస్తారు.

నిర్మల్ దాటి ఇచ్చోడ, గుడిహత్నూర్ వైపు పోతే అసలు తలనొప్పి మొదలు. పత్తి పండే నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. ఇనుప బుడిపెల డ్రమ్ము రోలరైతే ఆ బంకమట్టిని అడుగు నుంచి పిసుకుతుంది. కానీ పొడిగా ఉండగా గట్టిగా తొక్కిన రేగడి, వానొస్తే ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది! సున్నం కలపడమో, తీసేసి మొరం పోయడమో చేయాలి. ఆ ఖర్చు మిగుల్చుకుని పైన డాంబర్ మందం పెంచామని చెప్పే కాంట్రాక్టర్‌ను నేను నమ్మను.

డాంబర్‌కు నీటి బదులు వేడి. సుమారు 90 డిగ్రీలకు దిగేలోపు తొక్కడం పూర్తవ్వాలి. ఆదిలాబాద్ చలికాలపు పొద్దున ఆ వేడి ఎంతసేపు నిలుస్తుంది?

"వేడి మీదనే కంకర సర్దుకుంటది సార్, చల్లారినంక ఎంత తిప్పినా డీజిలే ఖర్చు" అన్నాడు ఒక డ్రైవర్. అంచు నుంచి నడుమకు, ప్రతిసారీ పాత జాడ మీదికి కొంత ఎక్కిస్తూ, మనిషి నడకంత నిదానంగా పోతున్నాడు. డాంబర్ అంటకుండా డ్రమ్ము మీద నీళ్లు కారుతున్నాయి. టీ వచ్చిందని పిలిస్తే, రోలర్‌ను చల్లారిన పాత పొర మీదికి తీసుకెళ్లాకే దిగాడు. వేడి పొర మీద నిలిపితే చక్రం కింద పల్లం పడుతుంది, మళ్లీ తొక్కినా పోదు.