డాలీని చంపిన మాట ఎవరిది?

విశాల్ భరద్వాజ్ తీసిన ‘ఓంకారా’ 2006 జూలైలో విడుదలైంది. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకాన్ని పశ్చిమ ఉత్తరప్రదేశ్ ఎన్నికల రాజకీయాల్లోకి, తుపాకుల మధ్యకు తెచ్చిన హిందీ సినిమా ఇది. దీన్ని సాధారణంగా అసూయ కథగా చెబుతారు. లంగడా త్యాగి అనే అనుచరుడు కుట్ర పన్నాడు, అతని మాట నమ్మి ఓంకార తన డాలీని చంపుకున్నాడు అంటారు. అలా చెబితే తప్పంతా ఒక్క దుర్మార్గుడి మీదికి పోతుంది, చుట్టూ ఉన్న సమాజం చేతులు దులుపుకుంటుంది. సినిమాను కొంచెం నిదానంగా చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది.

ఓంకార తండ్రి బ్రాహ్మణుడు, తల్లి కింది కులపు స్త్రీ. పేరు చివర శుక్లా అని ఉన్నా లోకం దృష్టిలో అతను సగం బ్రాహ్మణుడే. భాయిసాబ్ అనే నాయకుడి కోసం కొట్టడానికీ చంపడానికీ ఆ సగం ఎవరికీ అడ్డు రాలేదు. బ్రాహ్మణ వకీలు కూతురు డాలీ మిశ్రా అతన్ని కోరుకున్నప్పుడు మాత్రం అందరికీ గుర్తొచ్చింది. తన ఇష్టంతోనే వచ్చానని డాలీ భాయిసాబ్ ఎదుట చెప్పాక, ఆమె తండ్రి వెళ్తూ వెళ్తూ ఓంకారను హెచ్చరిస్తాడు. కన్నతండ్రినే మోసం చేసిన పిల్ల మరొకరికి నమ్మకంగా ఉంటుందా అన్నది దాని సారం.

ఈ హెచ్చరిక మూల నాటకంలోనూ ఉంది. మన నేల మీదికి వచ్చేసరికి దాని బరువు పెరిగింది. ఇక్కడ ‘మోసం’ అంటే కూతురు కులం గీత దాటడం. కులం నిలబడేది సొంత కులంలోనే పెళ్లి అనే కట్టడి మీద అనీ, ఆ కట్టడి భారం ఆడవాళ్ల మీదే ఎక్కువగా పడుతుందనీ బాబాసాహెబ్ అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో వివరించారు. ఆ గీత దాటినందుకు మిర్యాలగూడలో 2018 సెప్టెంబరులో ఒక యువకుణ్ణి గర్భవతి అయిన భార్య పక్కనే నరికి చంపారు. అక్కడ కత్తి చేసిన పనిని ‘ఓంకారా’లో అనుమానం చేస్తుంది.

అందుకే లంగడాకు కొత్త అబద్ధం పెద్దగా అక్కర్లేకపోయింది. తండ్రి నాటి వెళ్లిన విత్తనానికి నీళ్లు పోస్తే చాలు. తరతరాలుగా ఇంట్లో వస్తున్న వడ్డాణం కేసు చేతికి, అక్కడినుంచి బిల్లో దగ్గరికి చేరితే ఓంకారకు అదే సాక్ష్యం అయింది. డాలీ మాట అతనికి ఎందుకు చాలలేదు? ఇంతటి అమ్మాయి తనలాంటివాణ్ణి నిజంగా ప్రేమిస్తుందా అన్న సంశయం అతనిలో ముందే ఉంది. తనను తక్కువగా కొలిచినవాళ్ల కొలబద్దనే అతను లోపల దాచుకున్నాడు.

ఇక విధేయత సంగతి. ఎన్నికల్లో నిలబడే అవకాశం వచ్చినప్పుడు ఓంకార తన స్థానాన్ని కేసుకు ఇచ్చాడు. ఏళ్ల తరబడి వెంట తిరిగిన లంగడాకు అది భరించరానిదైంది. అతని బాధ అబద్ధం కాదు. కానీ ఇన్నేళ్లూ తాను చేసిన సేవ ఎలాంటిదని అతను ఒక్కసారీ అడుక్కోడు, తనకు రావలసిన మెట్టు గురించే అడుగుతాడు. ఈ ముఠాలో విధేయత పైకే పోతుంది, దానికి కూలీ పదవి. రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి తీస్తుందని అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఇలాంటి బంధాల గురించే. పెళ్లిరాత్రి జరిగిన చావుల్లో భాయిసాబ్ లేడు. అతని గద్దె అలాగే ఉంది.

లంగడా భార్య ఇందు ఒక్కతే ఈ విధేయతను తెంచుకుంటుంది. అగ్నిపరీక్ష దాటినా ఆడదాన్ని నమ్మని లోకాన్ని ఓంకార ముఖం మీదే నిలదీస్తుంది. నిజం తెలిశాక భర్తను తన చేతులతో చంపుతుంది. అది న్యాయం అనలేం, కానీ భర్త చెప్పిందే సత్యం అనే అలవాటు అక్కడ ముగిసింది. ఆ పాత్రకు కొంకణా సేన్ శర్మ జాతీయ అవార్డు అందుకుంది.

సినిమా తడబడింది కూడా ఇక్కడే. వడ్డాణం కథ మొదలయ్యాక కులం మెల్లగా తెరమరుగవుతుంది. ఓంకారను కన్న తల్లి ఎలా బతికిందో మనకు చెప్పరు. డాలీకి కన్నీళ్లు ఇచ్చారు గానీ ఎదురు ప్రశ్న ఇవ్వలేదు. ఆమెను దిండుతో ఊపిరాడకుండా చేసి చంపాక కెమెరా ఓంకార దుఃఖం వెంట నడుస్తుంది, మనల్నీ అతనితో కలిసి ఏడవమంటుంది.

ఈ సినిమాను తప్పక చూడాలి. చూసినప్పుడు లంగడాను తిట్టి లేచిపోవద్దు. వకీలు అన్న ఆ ఒక్క మాట మన ఇళ్లలో కూతుళ్ల గురించి ఎవరెవరి నోట వింటున్నామో, విన్నప్పుడు ఏం జవాబు చెబుతున్నామో ఆలోచించాలి.