పొదుపు ఎవరి ఖాతాలో?

కంప్యూటర్ లోపల జరిగేదంతా ఒక్క మనిషి చదివి అర్థం చేసుకోగలిగేలా ఉండాలన్నది మంచి కోరికే. 1980ల చివర్లో జ్యూరిచ్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్తలు నిక్లౌస్ విర్త్, యూర్గ్ గుట్క్‌నెక్ట్ ఒబెరాన్ అనే కంప్యూటర్ వ్యవస్థను కట్టి, కోడునూ వివరణనూ ఒకే పుస్తకంలో ఇమిడ్చారు. తర్వాత మరో కంప్యూటర్ శాస్త్రవేత్త అలాన్ కే బృందం వ్యక్తిగత కంప్యూటర్‌కు కావలసినదంతా ఇరవై వేల వరుసల కోడులో రాయాలని పూనుకుంది. కానీ వరుసల లెక్కే కొలబద్ద అయితే మొదటి వేటు మన లిపి మీదే పడుతుంది. అక్షరానికో బొమ్మ ఇంగ్లీషుకు చాలు. గుణింతాలూ వత్తులూ కలిసి వేల రూపాలయ్యే తెలుగుకు చాలదు.

ఆ పొదుపు ఫలితం మనం చూసిందే. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌కు ముందు డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చాయి. ప్రోగ్రాములకు పని తగ్గింది, బరువు మనుషుల మీద పడింది. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు. వెతికితే మాట దొరకదు. అకారాది క్రమం కుదరదు. దీనికి భిన్నంగా, యూనికోడ్ తెలుగుకు కేటాయించింది 128 స్థానాలే. ఫైల్లో వర్ణాల వరుస ఉంటుంది, దాన్ని అక్షర రూపంలోకి మలచడం వేరే పొర చూసుకుంటుంది. చిక్కు మాయం కాలేదు, ఒకచోటికి చేరింది.

ఆ పొరే 2018 ఫిబ్రవరిలో దెబ్బతిన్నది కదా అనవచ్చు. 'జ్ఞా' కూర్పులో కంటికి కనబడని ఒక గుర్తు చేరితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదలతో సరిదిద్దింది. అంతమాత్రాన తెలుగును వదిలేసి తేలికపడదామనడం న్యాయం కాదు. వత్తు ఎక్కడ పడాలో, దీర్ఘం ఎటు చేరాలో బడిపిల్లలకు తెలిసిన నియమాలే. వాటిని విడమరిచి రాస్తే వరుసలు పెరుగుతాయి, తప్పు పట్టుకోవడం సులువవుతుంది. నేనైతే ఆ బేరానికే ఒప్పుకుంటాను. కోడు అందరూ చదువుతారా అంటే, చదవరు. చదవగలిగేలా ఉంటే లిపీ కోడూ రెండూ తెలిసిన కొద్దిమంది చాలు.

సిలికానాంధ్ర సంస్థ తెలుగు ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో ఇప్పటికే అందించింది. అంటే ఆ కొద్దిమందిని తయారుచేయడానికి ముడిసరుకు సిద్ధంగా ఉంది. విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ అధ్యాపకులు తెలుగు అక్షరాలను పేర్చే చిన్న ప్రోగ్రామును, తెలుగు వివరణతో సహా, చివరి ఏడాది ప్రాజెక్టుగా రాయించాలి.