నాగోబా జాతర – మెదడు శాస్త్రం

కరీంనగర్‌లో ఒక గోష్ఠిలో ఒక విద్యార్థి నన్ను నిలదీశాడు: "సార్, బోనాలనాడు శివసత్తులకు పూనకం వస్తది గదా, అది నటనా, నిజమా?" మూఢనమ్మకమని కొట్టిపారేయవచ్చును. మనలో చాలమంది ఇన్నాళ్లూ చేసిన పని అదే. కాని అది జవాబు కాదు, జవాబును దాటవేయడం.

ఈ కొన్ని దశాబ్దాలలో మనశ్శాస్త్రజ్ఞులు, పరిణామ శాస్త్రజ్ఞులు మతానుభవాన్ని ప్రయోగాలకు పెట్టారు. 2010లో ఆక్స్‌ఫర్డ్ పడవపందేల జట్టుపై చేసిన పరిశీలన ఒకటి ప్రకటించారు. తెడ్డు కసరత్తు ఒంటరిగా చేసినప్పటికంటె, జట్టుగా ఒకే లయలో చేసిన తరువాత ఆ యువకులు నొప్పిని ఎక్కువ ఓర్చుకున్నారు. డప్పుదెబ్బకు వందమంది ఒక్క అడుగు వేసినప్పుడు ఒంట్లో నిజంగానే మార్పు వస్తుందనుకోవడానికి ఇది ఆధారం. పూనకం వచ్చిన మనిషిని మోసగత్తె అనడం మనం మానుకోవాలి. ఇంతవరకు ఈ శాస్త్రానికి మనం ఋణపడి ఉన్నాము.

అయితే కొందరు పండితులు ఇక్కడ ఆగరు. మనుషులను కలిపి ఉంచిన గుంపులే బతికి బట్టకట్టాయి, అందుకే మతకర్మలు నిలిచాయంటారు. ఎవరు ఎవరితో కలిశారు, దేనికోసం కలిశారు అనే ప్రశ్న ఆ వాదంలో మరుగున పడుతుంది. ఆ శాస్త్రంలోని ప్రయోగమే దీనికి బదులు చెబుతున్నది. స్పెయిన్‌లోని సాన్ పెద్రో మాన్రికే గ్రామంలో నిప్పులమీద నడిచేవారి గుండె వేగాన్ని కొలిచి, 2011లో ఫలితాలు ప్రకటించారు. చూస్తున్న బంధుమిత్రుల గుండె లయ నడిచేవారి లయతో కలిసింది. పరాయి ప్రేక్షకులది కలవలేదు. నిప్పు ఒక్కటే, కేకలు ఒక్కటే. తేడా సంబంధంలో ఉంది. ఆ సంబంధం కపాలంలో పుట్టినది కాదు, కలిసి బతికిన బతుకులో పుట్టినది.

మన ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌నే చూడండి. పుష్యమాసంలో మెస్రం వంశపు గోండులు కాలినడకన గోదావరి జలం తెచ్చి నాగోబాను అభిషేకిస్తారు. కొత్త కోడళ్లకు 'భేటింగ్' జరిపి, దేవుని ఎదుట వంశంలో కలుపుకుంటారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల తూటాలకు బలయ్యాడు. ఆ దశాబ్దంలోనే హైమన్‌డార్ఫ్ చొరవతో ఈ జాతరలో దర్బారు మొదలైంది. గోండుల గోడు వినాలంటే వాళ్లు కలిసే చోటికే పోవాలని సర్కారుకు అప్పటికి తెలిసివచ్చింది. కేస్లాపూర్ ఇంద్రవెల్లి మండలంలోనిదే. ఆ ఇంద్రవెల్లిలోనే 1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు.

అదే జనం, అదే నేల. జాతరకు వస్తే దర్బారు, సభకు వస్తే తూటా! ఈ తేడాను మెదడు ఒక్కటే చెప్పజాలదు.

కనుక ఆ విద్యార్థికి నా జవాబు ఇది: పూనకం నటన కాదు, కాని నిజం అక్కడితో అయిపోలేదు. కేస్లాపూర్ పోయి రా. గుండె వేగం కొలిచినంత శ్రద్ధగా, అక్కడివారి చేతిలో భూమి పట్టా ఉన్నదా లేదా అని కూడా అడిగి రా.