పేరు తెలియని మొక్క మొలిస్తే

తొలకరి పడిన కొద్ది రోజులకే పెరట్లో ఎవరూ నాటని మొక్కలు తలెత్తుతాయి. వాటిలో కూరకు పనికొచ్చేవి ఉంటాయి, పీకి పారెయ్యాల్సినవి ఉంటాయి, చెయ్యి తగిలితే దురద పుట్టించేవీ ఉంటాయి. ఏది ఏదో తేల్చుకునే విద్య పల్లెటూరి ఆడవాళ్ల దగ్గర తరతరాలుగా ఉంది. కలుపు తీస్తూనే కూరాకు ఏరి ఒడిలో వేసుకునేవాళ్లు ఆకు రూపం ఒక్కదాన్నే ఎప్పుడూ నమ్మరు.

మొదటి పరీక్ష కాడ విరవడం. గంగవాయిలి కూర ఎర్రటి కాడలతో నేలబారుగా పాకుతుంది. దాని పక్కనే అలాంటి కాడలతోనే రెడ్డివారి నానబాలు కూడా పాకుతుంది. నిలబడి చూస్తే పొరబడటం తేలిక. కాడ తుంచితే సందేహం తీరుతుంది: గంగవాయిలిలో నీళ్లలాంటి రసం, నానబాలులో తెల్లటి పాలు. ఆకు పట్టుకున్నా తేడా తెలుస్తుంది. గంగవాయిలిది దళసరిగా, నున్నగా ఉంటుంది, నానబాలుది పలచన. పాలు కారేదల్లా విషం కాదు. అయినా జిల్లేడు, బొంతజెముడు, పచ్చగన్నేరు పాలు కారే విషపు మొక్కలే కాబట్టి, పేరు తెలియని మొక్క పాలు కారితే దాన్ని నోటికీ కంటికీ దూరంగా ఉంచుతారు.

రెండోది కాండాన్ని వేళ్ల మధ్య తిప్పి చూడటం, ఆకు నలిపి వాసన పట్టడం. తులసి, పుదీనా, తుమ్మి కాండాలు గుండ్రంగా కాక నాలుగు పలకలుగా చేతికి తగులుతాయి. ఆకులు జంటలుగా వస్తాయి. కింది జంట తూర్పు పడమరలకు చాస్తే పై జంట ఉత్తర దక్షిణాలకు చాస్తుంది. వృక్షశాస్త్రం ఈ మూడింటినీ ఒకే కుటుంబంలో చేర్చింది. తెలంగాణలో వినాయక చవితికి తుమ్మికూర కోసేవాళ్లు ఆ గుర్తులను పుస్తకం చూడకుండానే పట్టేస్తారు.

మూడోది ఓపిక.

తెల్లగలిజేరు, అటికమామిడి రెండూ నేల మీదే పరుచుకుంటాయి. రెండింటిలోనూ జంట ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తేడా పూతలో బయటపడుతుంది. తెల్లగలిజేరు పువ్వు ఆకు మొదట్లో కాండానికి ఒదిగి పూస్తుంది. అటికమామిడి సన్నటి కాడల చివర చిట్టి గులాబి పూలు పూస్తుంది, దాని కాయలు జిగురుగా బట్టలకు అంటుకుంటాయి. ఆయుర్వేదంలో పునర్నవగా వాడేది అటికమామిడినే. ఒకదాని బదులు ఇంకొకటి మందులో చేరకూడదంటే పూసేదాకా ఆగాల్సిందే.

ఈ పరిజ్ఞానం పెరటి గోడ దాటి శాస్త్రంలోకీ వెళ్లింది. 1780ల్లో సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ ప్రాంతపు మొక్కలకు స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆయన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటం 1795లో వెలువడటం మొదలైంది. మూడు సంపుటాల్లో కలిపి 300 చిత్రాలున్నాయి.

పిల్లలకు ఈ చదువు పండగల్లో దొరికేది. చవితి ముందు రోజు 21 రకాల పత్రి కోసుకు రమ్మంటే ఉత్తరేణి, వావిలి, మాచిపత్రి చేతికి అలవాటయ్యేవి. విషమున్న ఉమ్మెత్త కూడా అప్పుడే కళ్లకు గుర్తుండిపోయేది. బజార్లో కట్ట కొనుక్కొస్తే ఆ పరిచయం కలగదు.

అయితే అమ్మమ్మలకూ తెలియని మొక్కలున్నాయి. క్యారెట్ ఆకులాంటి ఆకుతో మొలిచే వయ్యారిభామ మన నేలది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చి 1950ల తర్వాత దేశమంతా పాకింది. చర్మానికీ ఊపిరికీ చేటు చేసే దాన్ని పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకెయ్యాలి.

ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. అవి చెప్పేది ఊహగానే తీసుకోవాలి. కాడ విరిచి చూడటం, వాసన పట్టడం మనిషే చెయ్యాలి. తేలకపోతే పువ్వూ కాయా ఉన్న కొమ్మను దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం అధ్యాపకులకు చూపించండి. పేరు రూఢి అయ్యేదాకా ఆ ఆకును రుచి చూడొద్దు.