కింది అంచు కత్తిరించకండి

పోయిన ఆదివారం ఒక పూర్వవిద్యార్థుల సంఘం వేసిన ప్రత్యేక సంచిక నా చేతికి వచ్చింది. మంచి కాగితం, మంచి అచ్చు, వ్యాసాలు కూడా శ్రద్ధగా రాయించారు. నడిమి పేజీలు రెండిటికీ పరిచి చార్మినార్ పాత ఫొటో ఒకటి వేశారు. కింద ‘1870లో చార్మినార్. సౌజన్యం: ఇంటర్నెట్’ అని ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. ఆ ఫొటోలో కమాను పైన గడియారం కనిపిస్తూనే ఉంది. చార్మినార్‌కు గడియారాలు పెట్టింది 1889లో. పెట్టని గడియారం 1870 నాటి ఫొటోలోకి ఎలా వస్తుంది? తీసినాయన పేరు లేదు, ఏ సేకరణలోదో లేదు. వాట్సాప్‌లో చేతులు మారీ మారీ కుదించుకుపోయిన బొమ్మను అంత పెద్దగా సాగదీసేసరికి కింద నిలబడ్డ మనుషుల మొహాలు గళ్లు గళ్లుగా చెదిరిపోయాయి.

‘సౌజన్యం: ఇంటర్నెట్’ మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. బొమ్మ ఎక్కడ దొరికినా ముందు నంబరు రాసుకోండి, ఆ తర్వాతే దించుకోండి అని ఎన్నోసార్లు రాశాను. నంబరు బొమ్మకు ఇంటిపేరు లాంటిది. అది తెలిస్తే ఎవరి తాలూకో, అన్నదమ్ములు ఎవరో, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఆ సాయంత్రమే వెతకడానికి కూర్చున్నాను. విదేశీ లైబ్రరీల డిజిటల్ సేకరణల్లో వెతకడానికి ఒక ఒడుపు ఉంది. ఈరోజు మనం రాసే స్పెల్లింగు అక్కడ పనిచేయదు. ఆల్బమ్ కట్టినవాళ్లు వందేళ్ల కిందట ఏది రాసుకున్నారో కేటలాగులోకి చాలాసార్లు అదే ఎక్కుతుంది. విజయవాడ అంటే దొరకదు, బెజవాడ అనాలి. కాకినాడను కొకనాడా అనీ, ఏలూరును ఎల్లూర్ అనీ, మచిలీపట్నాన్ని మసూలిపటం అనీ, విశాఖను విజగపటం అనీ కొట్టాలి. చార్మినార్ ఒకే మాటగా కొడితే ఇటీవలి ఫొటోలు వచ్చిపడ్డాయి. చార్, మినార్ అని రెండు ముక్కలు చేసి కొడితే పాతవి బయటికొచ్చాయి. వాటిలో మనది కూడా ఉంది.

తెర మీద దాన్ని పెద్దది చేసుకుంటూ కిందికి వెళ్తే అడుగున సన్నటి తెల్లటి అక్షరాల్లో ఒక నంబరు, కట్టడం పేరు, స్టూడియో పేరు. ఆ స్టూడియో దీన్‌దయాళ్‌ది. అక్కడ అదొక అలవాటు. నెగెటివ్ మీదే నంబరూ శీర్షికా రాసేవారు, అవి ప్రింటులో తెల్లగా పడతాయి. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, ప్రభుత్వ కొలువు వదిలి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫరై ‘రాజా ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన మనిషి తన పని మీద తన గుర్తు అంత జాగ్రత్తగా వదిలివెళ్లాడు. వాట్సాప్‌లో తిరిగిన బొమ్మలో ఎవరో సరిగ్గా ఆ కింది అంచునే కత్తిరించారు. బొమ్మ చక్కగా కనబడాలని చేసి ఉంటారు. ఆ ఒక్క కోతతో ఆయన పేరు పోయింది, నంబరు పోయింది, ఏడాది పోయింది.

ఒక రికార్డు దొరికాక అక్కడితో ఆగకూడదు. లైబ్రరీ దానికి ఇచ్చిన నంబరుకు, అంటే షెల్ఫ్‌మార్క్‌కు, ముందు నంబరు చూడాలి, తర్వాతి నంబరు చూడాలి. బ్రిటిష్ లైబ్రరీలో లార్డ్ కర్జన్ ఆల్బమ్‌లన్నిటికీ కలిపి ‘ఫొటో 430’ అని నంబరు. దాని తర్వాత గీతకు అవతల ఉండేది ఆల్బమ్ సంఖ్య, బ్రాకెట్లో ఉండేది ఆల్బమ్‌లో ఫొటో వరస. మన ఊళ్లలో ఏ వీధి పక్కన ఏ వీధి ఉండేదో, ఫొటోగ్రాఫర్ ఆరోజు ఏ దారిన నడిచాడో ఆ వరస చెప్తుంది. వెతుకుడు పెట్టెలో మాటలు మార్చి మార్చి కొట్టేవాళ్లకు ఇది ఎప్పటికీ కనబడదు.

ఇదంతా నాకు నేర్పింది మా మాస్టారు. ఆయన సంగతి ఎత్తాను కాబట్టి అది పూర్తిగా చెప్పాలి.

మాస్టారిది గుంటూరు. అమరావతి స్తూపం మీద చిన్న పుస్తకం రాస్తున్నారు. రాయి గురించి మాట్లాడితే ఆయనకు గొంతు పూడుకుపోయేది. కథ మీకు తెలిసిందే. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చాక ఇళ్లకూ గుళ్లకూ రాయి కోసం అక్కడి దిబ్బను తవ్వడం మొదలైంది. ఊరివాళ్లు ఆ దిబ్బను దీపాలదిన్నె అనేవారు. 1798 ప్రాంతంలో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో, అప్పటికి సర్వేయర్ జనరల్ అయి, గీతగాళ్లను వెంటబెట్టుకొని వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వి ఉంది. ఉన్న ఫలకాలను ఉన్నట్టు గీయించాడు. తర్వాత 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించాడు. ఆ రాళ్లు మద్రాసు చేరి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. మరుసటి ఏడు అవి ఓడెక్కి లండన్ వెళ్లాయి. మెకంజీ మనుషులు గీసిన ఫలకాల్లో కొన్ని ఇప్పుడు ఏ మ్యూజియంలోనూ లేవు. సున్నంబట్టీకి పోయినవి పోగా, గోడల్లో కలిసినవి కలిసిపోగా, మిగిలింది గీత ఒక్కటే.

ఆ గీతలున్న ఆల్బమ్ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, షెల్ఫ్‌మార్క్ డబ్ల్యూడీ 1061. దాన్నుంచి కొన్ని బొమ్మలు తెప్పించాలని మాస్టారి కోరిక. ఇంగ్లిష్ టైపు వచ్చని ఆ పని నాకు అప్పజెప్పారు. మెకంజీ బొమ్మలను కూడా వివరించే కేటలాగు మిల్డ్రెడ్ ఆర్చర్ 1969లో రెండు సంపుటాలుగా వేసింది. యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని అందులోంచి వివరాలు చేత్తో ఎత్తి రాసుకొచ్చాను. ఎయిర్‌మెయిల్‌లో ఉత్తరం. ధర ఎంతో చెప్తూ జవాబు. పౌన్లలో డ్రాఫ్టు తీయడానికి బ్యాంకు మేనేజరు ముందు నిలబడి, ఒక గుంటూరు మాస్టారికి లండన్ నుంచి రాతిబొమ్మ ఎందుకో వివరించడం. మళ్లీ ఉత్తరం. ఆఖరికి ఒకరోజు రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, వంచవద్దని రాసిన కవరొచ్చింది. లోపల నిగనిగలాడే నలుపు తెలుపు ప్రింట్లు, ఏ బొమ్మ కింద ఏం అచ్చేయాలో చెప్పే చిన్న చీటీ.

మాస్టారు కాళ్లు చేతులు కడుక్కొచ్చి, వసారాలో వెలుగున్నచోట పీట వేసుకుని, భూతద్దంతో మొదలుపెట్టారు. ఒక ఫలకం, చుట్టూ గొడుగులు, దండలు మోసే మనుషులు, మధ్యలో విరిగిన చోటును కూడా విరిగినట్టే గీసిన గీత. ఒక మూల ఊడిపోయి ఉంటే, తనకు తోచినట్టు పూరించకుండా ఆ గీతగాడు అక్కడ కాగితాన్ని ఖాళీగా వదిలేశాడు. మాస్టారు ఆ ఖాళీ మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత తలెత్తి అడిగారు.

“బాగుందోయ్. కాగితం వెనకాల ఏముందో అడిగావా?”

“వెనకాల ఏముంటుందండీ?”

“ఏమీ లేకపోతే ఏమీ లేదని చెప్తారు. అదీ కావాలి మనకు. ఇంకో ఉత్తరం కొట్టు.”

అప్పటినుంచి ఏ లైబ్రరీకి ఆర్డరిచ్చినా వెనకవైపు అడగకుండా ఇవ్వలేదు. ఫొటోల విషయంలో దానికి విలువ కట్టలేం. తర్వాతెప్పుడో మరో లైబ్రరీ నుంచి తెప్పించిన ఒక సంత ఫొటోకు ముందువైపు అచ్చులో ఒక ఊరి పేరుంటే, వెనక పెన్సిల్‌తో వేరే ఊరి పేరు ఉంది. ఆ పెన్సిలు రాతే నిజమని గుడి గోపురాన్ని పోల్చి చూశాక తేలింది. మాస్టారిది ఇంకో పట్టుదల ఉండేది. బొమ్మను అంచులతో సహా, పక్కన కొలబద్ద పెట్టి తీయమని అడగాలి. పటం కట్టుకోవడానికి అందం కోసం కత్తిరించిన బొమ్మ చాలు. చదవడానికి మొత్తం కాగితం కావాలి.

ఇప్పుడు డ్రాఫ్టులు లేవు, ఎదురుచూపులు లేవు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2016 జనవరిలో ఒక లక్షా 80 వేలకు పైగా బొమ్మలను పెద్ద సైజులో ఎవరైనా అనుమతి అడగకుండా దించుకోవచ్చని వదిలిపెట్టింది. మరుసటి ఏడాది మెట్రొపాలిటన్ మ్యూజియం అదే దారిన నడిచింది. అచ్చుకు కావలసింది ఎనిమిది అంగుళాల వెడల్పైతే, అంగుళానికి 300 చొప్పున 2,400 పిక్సెళ్లు ఉండాలి. దించేముందు ఆ ఒక్క లెక్క చూసుకుంటే చాలు. రెండు సైజులుంటే పెద్ద టిఫ్ ఫైలే తీసుకుని దాచుకోండి, చిన్నది ఎప్పుడైనా చేసుకోవచ్చు. డబ్బు అడిగే లైబ్రరీలు ఇంకా ఉన్నాయి. ఎన్ని కాపీలు వేస్తారు, అట్ట మీదా లోపలా, ఏ దేశాల్లో అమ్ముతారు అని ఫారం నింపమంటాయి. కొత్తగా ఫొటో తీసిపెట్టే శ్రమకు ఎంతడిగినా సంతోషంగా ఇస్తాను. రెండువందల ఏళ్ల కిందటి గీతకు ‘అనుమతి’ పేరిట అడిగే డబ్బు మాత్రం న్యాయం కాదు. పాత బొమ్మను ఉన్నదున్నట్టు ఫొటో తీసినంత మాత్రాన కొత్త కాపీరైటు పుట్టదని న్యూయార్క్ కోర్టు ఒకటి 1999లోనే చెప్పింది. 2023లో బ్రిటన్ అప్పీల్ కోర్టు ఇచ్చిన తీర్పూ అటే మొగ్గుతుంది.

ఇక్కడిదాకా వచ్చాక మామూలుగా అయితే, దయచేసి వాట్సాప్ బొమ్మలు ముట్టుకోకండి, అసలు లైబ్రరీ గడప దగ్గరికే వెళ్లండి అని ముగించాలి. కానీ 2023 అక్టోబరు చివర్లో జరిగింది తలచుకుంటే ఆ మాట నా కలం నుంచి రావడం లేదు. బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. వెబ్‌సైటు, కేటలాగు, డిజిటల్ సేకరణలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కేటలాగు కొంతమేరకు తిరిగి వచ్చేసరికే 2024 జనవరి అయింది. బొమ్మలకు ఇంకా ఆలస్యమైంది. ఆ రోజుల్లో అమరావతి మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి డబ్ల్యూడీ 1061లోని ఒక ఫలకం కోసం నాకు ఫోన్ చేసింది. అసలు గడప మూసి ఉంది. ఎవరో ఎప్పుడో దించి వికీమీడియా కామన్స్‌లో పెట్టిన నకలు ఆ అమ్మాయిని ఆదుకుంది. ఆ పెట్టిన మనిషి షెల్ఫ్‌మార్క్‌ను, కాగితం నంబరును కూడా టైపు చేసి పెట్టాడు. అందుకే అది ఏ బొమ్మో ఆమె ధైర్యంగా రాసుకోగలిగింది.

అమరావతి చరిత్ర అంతా చెప్తున్నదీ అదే. రాళ్లు పోయాక గీతలు నిలిచాయి, రాళ్లు ఓడెక్కకముందు ఫొటోలు తీశారు కాబట్టి అవి అప్పుడెలా ఉన్నాయో తెలిసింది. లైబ్రరీ సర్వర్ కూడా ఒక దిన్నెలాంటి చోటే, రేపు ఎవరు తవ్వుతారో తెలియదు. కాబట్టి పంచండి. చార్మినార్‌ను, ట్రైప్ ఫొటోలను, మెకంజీ గీతలను మీ గ్రూపుల్లో, మీ ప్రత్యేక సంచికల్లో, మీ హార్డ్‌డిస్కుల్లో ఎన్నిచోట్ల పెట్టగలిగితే అన్నిచోట్ల పెట్టండి. బొమ్మతోపాటు ఒక్క వరస రాయండి: తీసినవారు లేదా గీసినవారు, ఏ లైబ్రరీ, ఏ నంబరు. ఫైలు పేరులోనే నంబరు పెడితే ఇంకా మంచిది, కింద రాసిన మాటలు ఎవరైనా చెరిపినా ఫైలు పేరు కొంతకాలం నిలుస్తుంది.

ఆర్డరు ఇవ్వడం కూడా మానకండి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ‘మిసలేనియస్ ఐటెమ్స్ ఇన్ హై డిమాండ్’ అనే సేకరణ ఉంది. అందులో ఉన్నవి చాలావరకు ఎవరో ఒక పాఠకుడు నకలు కావాలని అడిగితే, ఆ అడగడం వల్ల తీసిన కాపీలే. ఒకరు తమ పుస్తకం కోసం అడిగిన బొమ్మ ఆ తర్వాత లోకం మొత్తానికీ దొరికింది.

మన దగ్గర అడగాల్సినవి కొల్లలుగా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో దొరికే పాత తెలుగు పత్రికల స్కాన్లు చాలావరకు అక్షరం కోసం నలుపు తెలుపులో తీసినవి. వాటిలో రంగుల చిత్రం వచ్చిన చోటల్లా నల్లటి మచ్చ మిగిలింది. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు, భారతి సంచికలు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, సుల్తాన్‌బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి చోట్ల వెతకాలి. వెళ్లేటప్పుడు ఏ ఏడాది, ఏ నెల, ఏ పేజీ ఎదుట ఉన్న చిత్రమో రాసుకుని వెళ్లండి. బైండు విప్పనవసరం లేకుండా, పై నుంచి పగటి వెలుగులో, కొలబద్ద పక్కన పెట్టి, మొత్తం పేజీ రంగుల్లో తీయనివ్వమని దరఖాస్తు పెట్టండి. రుసుము ఉంటే కట్టి రసీదు తీసుకోండి. నేను భారతి మొదటి ఏడాదితో, 1924 సంచికలతో మొదలుపెడుతున్నాను. ఆ తర్వాతి సంవత్సరాలు ఎవరైనా పంచుకుంటామంటే పత్రిక చిరునామాకు ఉత్తరం రాయండి.